ఎల్‌సీ3బీ యాంటీబాడీ పేరుతో 42 వేలు పోయాయి, మీరైనా చూసుకోండి

హైదరాబాద్‌లో సగం ల్యాబులకు సరుకు వేసే ఆ డీలర్ ఎవరో మీకు తెలుసు, పేరు రాయను. మార్చి 31 లోపు గ్రాంట్ ఖర్చు పెట్టాలన్న కంగారులో, 15 శాతం తగ్గిస్తానన్నాడు కదా అని ఈ యాంటీబాడీ ఆర్డరిచ్చాను. కణం తన చెత్తను తానే తినేసే ఆటోఫాగీలో పనిచేసే ఎల్‌సీ3 ప్రొటీన్‌ని పట్టి చూపించాల్సింది ఇదే. మొత్తం డబ్బు ముందే కట్టాను. డబ్బా వచ్చేసరికి జెల్ ప్యాకులు వెచ్చగా ఉన్నాయి. అప్పుడే వెనక్కి పంపాల్సింది. నా బుద్ధి గడ్డి తింది.

మూడు బ్లాట్లు వేశాను, అంటే ప్రొటీన్లను జెల్‌లో విడదీసి, మెంబ్రేన్ మీదికి ఎక్కించి, యాంటీబాడీతో వెతికే పరీక్ష. హీలా కణాలు (ల్యాబుల్లో పెంచే మనిషి కణాలు), సగం వాటికి ఎల్‌సీ3 అరిగిపోకుండా పేరుకునేలా చేసే బాఫిలోమైసిన్ కూడా. ప్రతిసారీ 30 కిలోడాల్టన్ల (ప్రొటీన్ బరువు కొలత) దగ్గర ఒకటే మచ్చ, అన్ని లేన్లలో ఒకేలా. ఎల్‌సీ3 రెండు రూపాలూ కనిపించాల్సిన 14, 16 దగ్గర ఏమీ లేదు. తప్పు నాదేమోనని ట్రాన్స్‌ఫర్ టైం మార్చాను, 0.2 మైక్రాన్ మెంబ్రేన్ తెచ్చాను. చివరికి పక్క ల్యాబ్ అక్కని బతిమాలి వాళ్ల పాత యాంటీబాడీ ఐదు మైక్రోలీటర్లు తెచ్చుకున్నాను. అదే లైసేట్ (కణాలను పగలగొట్టి తీసిన రసం). రెండు బ్యాండ్లూ వచ్చాయి, బాఫిలోమైసిన్ లేన్‌లో కిందిది నల్లగా, లావుగా.

డీలర్‌కి ఫొటోలు పంపి ఫోన్ చేశాను. ఆయనగారి జవాబు: "ఒక్క బ్యాండే రావడం మంచి యాంటీబాడీకి గుర్తు మేడం. రెండొస్తే అది కల్తీ. బ్లాట్ వేయడం మీకు కొత్తా?"

కల్తీ అట! ఎల్‌సీ3కి ఫాస్ఫాటిడైల్ ఇథనోలమైన్ అనే కొవ్వు అతుక్కుంటేనే అది ఎల్‌సీ3-2 అయి ఆటోఫాగోజోమ్ (కణంలో చెత్తను చుట్టేసే సంచి) పొర మీదికి చేరుతుంది. బరువు పెరిగి కూడా జెల్‌లో ముందు పరిగెత్తి కింద కనిపిస్తుంది. ఆ కింది బ్యాండ్ చూడటానికే కదా ఇంత డబ్బు పోసేది! 2016లో ఆటోఫాగీ మీద పనికి ఓసుమి గారికి నోబెల్ ఇచ్చేముందు ఈయన్ని ఒక మాట అడగాల్సింది పాపం.

ఇంతా తెలిసి నేనేమన్నానో తెలుసా? "సారీ అండీ, మళ్లీ ఒకసారి వేసి చూస్తాను" అని పెట్టేశాను. సారీ! నేను! మర్నాటికి నా నంబర్ బ్లాక్.

కొనేవాళ్లు లాట్ నంబర్ అడగండి. ఏటీజీ5 (ఆ కొవ్వు అతకడానికి కావాల్సిన జన్యువు) తీసేసిన కణాల్లో ఎల్‌సీ3-2 మాయమైన బ్లాట్ చూపించమనండి. ముందుగా డబ్బు కట్టకండి.

మా సార్‌కి ఇంకా చెప్పలేదు. సోమవారం ల్యాబ్ మీటింగ్ ఉంది.