రెండు లీటర్ల టేబుల్‌టాప్ గ్రైండర్: ఉగాది గారెల నుంచి మే నెలలో ఇల్లు మారేదాకా

ఫిబ్రవరిలో పరీక్షలతో మొదలై, మే నెలలో ఇళ్లు ఖాళీ చేయడంతో ముగిసే ఈ మూడు నాలుగు నెలలూ చెన్నైలోని తెలుగిళ్ల వంటగదికి ఒక లెక్కంటూ ఉండదు. ఇవాళ నలుగురికి టిఫిను, ఉగాదినాడు గారెలూ బొబ్బట్లూ, ఆ పై వారం శ్రీమంతానికి ఊరి నుంచి దిగిన పదిహేను మందికి పొద్దున్నే ఇడ్లీలు, ఈలోగా ఎవరో ఒక బుజ్జిగాడి అన్నప్రాశన. ఈ హడావిడిలో ఎక్కువ బరువు మోసేది గట్టు మీది గ్రైండరే. రెండు లీటర్ల టేబుల్‌టాప్ గ్రైండర్‌ని ఏళ్ల తరబడి వాడాక రాస్తున్న సమీక్ష ఇది. కంపెనీ పేరు రాయడం లేదు. ఈ సైజు గ్రైండర్లలో లోపలి అమరిక చాలావరకు ఒకటే కాబట్టి, ఇక్కడ చెప్పే మాటలు మీ ఇంట్లో ఉన్నదానికీ పనికొస్తాయి.

ముందు యంత్రం సంగతి. స్టీలు గిన్నె అడుగున నల్లరాయి బిగించి ఉంటుంది. దాని మీద శంకువు ఆకారంలో రెండు గుండ్రాళ్లు ఒక ఇరుసుకి అమర్చి ఉంటాయి. మూడు రాళ్లవీ దొరుకుతాయి. గిన్నె తిరుగుతుంటే రాళ్లు ఉన్నచోటే దొర్లుతాయి. కింద సాధారణంగా 150 వాట్ల మోటారు, దాని నుంచి గిన్నెకు ఒక బెల్టు. అరగంట రుబ్బితే ఖర్చయ్యే కరెంటు 0.075 యూనిట్, అంటే లెక్కలోకి రానంత. పప్పుని నలిపేది రాళ్ల బరువు, మోటారు పని గిన్నెను తిప్పడం వరకే. తిరుగుతున్న గిన్నెను తిప్పుతూ ఉండే శక్తి దానికి పుష్కలంగా ఉంది, ఆగిపోయిన నిండు గిన్నెను కదిలించే శక్తి మాత్రం తక్కువ. రిపేరుకి వెళ్లే గ్రైండర్లలో చాలావాటి జబ్బు ఇక్కడే మొదలవుతుంది. అందుకే ఎప్పుడూ ఖాళీ గిన్నెలో కొద్దిగా నీళ్లు పోసి స్విచ్ వేయాలి, తిరగడం మొదలయ్యాకే పప్పు గుప్పెడు గుప్పెడుగా వేయాలి.

ఈ యంత్రం పుట్టింది ఈ రాష్ట్రంలోనే, కోయంబత్తూరులో. 1955లో పి. సభాపతి అనే ఆయన మొదటి వెట్ గ్రైండర్ తయారుచేశారు. కోయంబత్తూరు వెట్ గ్రైండర్‌కు భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా ఉంది. 2011లో తమిళనాడు ప్రభుత్వం మిక్సీ, గ్రైండర్, ఫ్యాను ఉచితంగా పంచే పథకం మొదలుపెట్టింది. ఇలాంటి రాష్ట్రంలో వాడేవాళ్లకి ఉన్న లాభం ఏమిటంటే, బెల్టు కోసమో బుష్ (రాళ్లు ఇరుసు మీద తిరిగేచోట ఉండే తొడుగు) కోసమో కంపెనీ సర్వీసు మనిషి కోసం ఎదురుచూడక్కర్లేదు. వీధి చివరి మిక్సీ రిపేరు కొట్టులో పని అయిపోతుంది.

రెండు లీటర్లు అని అట్టపెట్టె మీద రాసింది చూసి అంత పిండి ఒకేసారి రుబ్బేద్దామనుకుంటే ఇబ్బందే. మినప్పిండి గాలి పట్టి ఉబ్బుతుంది కాబట్టి పొడి మినపగుళ్లు 250 గ్రాములు హాయిగా నలుగుతాయి, 300 గ్రాములు ఆఖరు. దాటితే పిండి రాళ్ల ఇరుసు దాకా ఎక్కి, అంచు నుంచి పొర్లుతుంది, మధ్యలో పిడిచలు నలగకుండా మిగులుతాయి. నానిన బియ్యమైతే 750 గ్రాముల దాకా వేయొచ్చు, అది ఉబ్బదు. మనవాళ్లకి ఇక్కడ ఒక వెసులుబాటు ఉంది. పక్కింటి తమిళులు ఇడ్లీ బియ్యం కూడా రుబ్బాలి, అంటే రెండు విడతలు. మనం ఇడ్లీ రవ్వ కడిగి, నీళ్లు పిండేసి కలిపేస్తాం కాబట్టి పప్పు ఒక్కటే రుబ్బితే చాలు. ఒక గ్లాసు గుళ్లకు రెండు గ్లాసుల రవ్వ లెక్కన 250 గ్రాముల పప్పుకి నలభై ఇడ్లీల దాకా వస్తాయి.

నీళ్ల విషయంలో ఓపిక పట్టాలి. 250 గ్రాముల గుళ్లకు మొత్తం అర లీటరు నుంచి 600 మి.లీ. దాకా పడతాయి, కొత్త పప్పు ఇంకాస్త తాగుతుంది. అన్నీ ఒకేసారి పోస్తే పప్పు నీళ్లలో తేలుతూ రాళ్ల కింద పడకుండా తప్పించుకుంటుంది. మొదట మూడో వంతు, తర్వాత నాలుగైదు నిమిషాలకోసారి చారెడు. ఇరవై అయిదు నిమిషాలకు పిండి తెల్లగా, వెన్నలా లేస్తుంది. ఎండాకాలంలో ఫ్రిజ్ నీళ్లే పోయండి. మిక్సీ అంత వేడెక్కకపోయినా, ఏప్రిల్ మధ్యాహ్నం కుళాయి నీళ్లే గోరువెచ్చగా వస్తాయి, రుబ్బుతుండగానే పిండి పులవడం మొదలవుతుంది.

వేసవి ముదిరేకొద్దీ మార్చుకోవాల్సిన లెక్కలు ఇవి. జనవరిలో గుళ్లు నాలుగు గంటలు నానబెడితే ఏప్రిల్‌లో మూడు చాలు. ఎక్కువ నానితే పిండి ఉబ్బడం తగ్గుతుంది. జనవరిలో పది పన్నెండు గంటలు తీసుకున్న పులుపు ఏప్రిల్‌లో ఆరేడు గంటల్లో వచ్చేస్తుంది. సాయంత్రం నాలుగింటికి రుబ్బి రాత్రంతా బయట ఉంచితే తెల్లారేసరికి పుల్లటి వాసన కొడుతుంది. రాత్రి పదింటికి రుబ్బడం పిండికి మంచిదే, కానీ ఇంట్లో పదో తరగతి పిల్లలుంటే ఆ గరగర వాళ్ల చదువుకి అడ్డం. కింది ఫ్లాటు వాళ్లకి నిద్రాభంగం కూడా. దీనికి మాకు కుదిరిన దారి: పిల్లలు ట్యూషన్‌కి వెళ్లే సమయంలో రుబ్బేసి, రవ్వ కలపకుండా పప్పు పిండిని ఫ్రిజ్‌లో పెట్టడం, పడుకోబోయే ముందు బయటికి తీసి రవ్వ కలపడం. చల్లదనం వదలడానికి గంట పడుతుంది, అక్కడి నుంచి పులుపు మొదలై అయిదున్నరకి ఇడ్లీ కుక్కర్‌లోకి సిద్ధం. గ్రైండర్ కింద మందపాటి రబ్బరు మ్యాట్ వేస్తే గట్టు అదిరే చప్పుడు బాగా తగ్గుతుంది. రాళ్ల చప్పుడు మాత్రం తగ్గదు. పిండి గిన్నె సగానికి మించి నింపొద్దు, ఈ ఎండకి పొంగి గట్టంతా పారుతుంది.

ఈ యంత్రం తన విలువ చూపించేది ఉగాది గారెల దగ్గరే. మిక్సీలో గారెల పిండి కావాలంటే బ్లేడు తిరగడానికి నీళ్లు పోయక తప్పదు, నీళ్లెక్కువైతే గారె నూనె తాగుతుంది. ఇక్కడ 250 గ్రాముల పప్పుకి 100 మి.లీ. లోపు నీళ్లతో పని అయిపోతుంది, అది కూడా చెంచాతో చిలకరిస్తూ. పప్పు రెండు గంటలకి మించి నానకూడదు. గట్టి పిండి గిన్నె గోడకి అంటుకుని రాళ్ల కిందికి రాదు, కాబట్టి పక్కన బిగించే ప్లాస్టిక్ గరిట తప్పనిసరి. అది సరిపోకపోతే స్విచ్ ఆపి, చెక్క అట్లకాడతో లోపలికి తోయాలి. తిరుగుతుండగా స్టీలు గరిట పెడితే రాయికీ గోడకీ మధ్య ఇరుక్కుంటుంది. పదిహేను ఇరవై నిమిషాలకి చిటికెడు పిండి నీళ్లలో వేసి తేలితే తీసేయండి. ఉప్పు రుబ్బేటప్పుడు వేయకండి, నీరు వదిలి పిండి జారవుతుంది. నూనె కాగాక, వేయించబోయే ముందు కలపాలి.

బొబ్బట్ల పూర్ణానికి దీన్ని వాడేవాళ్లకి ఒక హెచ్చరిక. ఉడికిన శనగపప్పు బాగానే నలుగుతుంది, బెల్లం కలిస్తే మాత్రం పాకం రాళ్లకి పట్టి గిన్నె ఆగిపోతుంది. పప్పు ఒక్కటే, నీరు పూర్తిగా వార్చి రుబ్బి, బెల్లం పొయ్యి మీద కలుపుకోవాలి. పెట్టెలో వచ్చే పిండి కలిపే పరికరం అర కిలో గోధుమపిండి చపాతీలకి పనికొస్తుంది. బొబ్బట్ల పై పిండికి కావాల్సినంత మెత్తదనం, సాగుడు దానితో రావు, అది చేత్తో కలపాల్సిందే. కొబ్బరి కోరుకునే పరికరం మా ఇంట్లో డబ్బాలోనే ఉంది, కత్తిపీట మీద కోరడమే తొందరగా అవుతుంది.

శ్రీమంతం లాంటి రోజున పదిహేను మందికి తలా నాలుగు ఇడ్లీలు వేసుకుంటే అరవై. 400 గ్రాముల గుళ్లు రెండు విడతలుగా రుబ్బాలి. రెండు విడతల మధ్య ఇరవై నిమిషాలైనా మోటారుకి విరామం ఇవ్వండి. కింద చెయ్యి పెడితే వేడి తెలుస్తుంది. కొన్ని మోడళ్లలో వేడెక్కితే దానంతటదే ఆగిపోయే ఏర్పాటు ఉంటుంది, అది పాడైందని కంగారుపడి మాటిమాటికీ స్విచ్ వేయకూడదు. ముప్పై మంది దాటితే ఇంట్లో రుబ్బే ఆలోచన మానుకుని, ఆర్డరు మీద పిండి రుబ్బిచ్చే కొట్లో ముందురోజే చెప్పడం మంచిది. చెన్నైలో వీధి వీధికీ ఉన్నాయి, పులవని పిండి కావాలని గట్టిగా చెప్పాలి.

పెద్ద పరిమాణం ఎంత సమస్యో చిన్నదీ అంతే. 150 గ్రాములకు తగ్గితే పప్పు రాళ్లకి అందకుండా చుట్టూ తిరుగుతూ ఉంటుంది. అన్నప్రాశన అయిన పిల్లలకి రాగి పాలు తీసేటప్పుడు ఇది బాగా తెలుస్తుంది. రోజుకి కావాల్సిన రెండు చెంచాల రాగులు దీనిలో రుబ్బలేం. 200 గ్రాములు రాత్రి నానబెట్టి, ఒకేసారి రుబ్బి, పల్చటి గుడ్డలో వడకట్టి, పైన తేరుకున్న తేటను పారబోసి, అడుగున మిగిలిన ముద్దను పళ్లెంలో ఆరబెట్టి పొడి చేసి ఉంచుకోవచ్చు. ఎండ బాగా ఉండే ఈ రోజులే దానికి అనువు. పిల్లల కోసం రుబ్బే రోజు గ్రైండర్‌లో అంతకుముందు పచ్చిమిర్చి పడి ఉండకూడదు. ఇద్దరు ముగ్గురికి పెసరట్టు పిండి కావాలంటే మిక్సీయే మేలు. అల్లం ముక్కలు రాళ్ల కింద పడకుండా జారిపోయి, పీచు అలాగే మిగులుతుంది.

పచ్చిమిర్చి మాట వచ్చింది కాబట్టి గుమ్మడి వడియాలు. మేడ మీద ఎండ దొరికే ఈ కాలంలో బూడిద గుమ్మడి ముక్కలకి గట్టి మినప్పిండి రుబ్బడానికి ఇంతకన్నా మంచి సాధనం లేదు. కానీ మిర్చి, ఇంగువ దీనిలో వేయొద్దు. గరుకు రాయి ఆ ఘాటును పట్టుకుని మర్నాటి ఇడ్లీకి అందిస్తుంది. మిక్సీలో నూరి పిండిలో కలపండి. ఇప్పటికే వేసేసి ఉంటే గుప్పెడు బియ్యం నీళ్లతో రుబ్బి పారబోయండి, రెండు సార్లు చేస్తే పోతుంది. కొత్త గ్రైండర్‌కి కూడా ఇదే పద్ధతి, రుబ్బిన నీళ్లు బూడిదరంగు పోయి తెల్లగా వచ్చేవరకు.

ఇక యంత్రం మొరాయించే సందర్భాలు. రుబ్బుతుండగా కరెంటు పోతే, తిరిగొచ్చాక అలాగే స్విచ్ వేయకండి. రాళ్లు పైకెత్తి, సగం పిండి తీసి మొదలుపెట్టండి. మే సాయంత్రాలు వోల్టేజీ పడిపోయినప్పుడూ ఇదే జాగ్రత్త. మోటారు గుంయ్‌మంటూ గిన్నె తిరగకపోతే క్షణం ఆలస్యం లేకుండా ఆపాలి, అలా వదిలేస్తే వైండింగ్ (మోటారులోని తీగచుట్ట) కాలుతుంది. ఖాళీ గిన్నెతో కూడా అదే శబ్దమైతే ఎక్కువసార్లు మోటారు తిరగడం మొదలవడానికి ఊతమిచ్చే కెపాసిటర్ బలహీనపడినట్టే, అది చిన్న ఖర్చు. రబ్బరు వాసన, కీచుమనే చప్పుడు వస్తే బెల్టు సాగింది. దాన్ని మరీ బిగించి కట్టించుకుంటే బేరింగులు దెబ్బతింటాయి, కొత్తది వేయించడమే నయం. పిండిలో బూడిదరంగు చార కనిపిస్తే ఆ పిండి వాడకండి. గిన్నె మధ్యలోని సీలు గానీ రాళ్లలోని నైలాన్ బుష్ గానీ అరిగి ఉంటుంది. పిండి పొర్లిన ప్రతిసారీ కొంత గిన్నె కిందికి దిగి ఇరుసు చుట్టూ గట్టిపడుతుంది. గిన్నె పైకెత్తి తుడవడం ఆ రోజే చేయాలి, మర్నాటికి అది సిమెంటే.

కడిగాక రాళ్లను గిన్నెలో పెట్టి మూత వేయడం ఎక్కువమంది చేసే పొరపాటు. తడి ఆరక బుష్ దగ్గర బూజు పడుతుంది. గిన్నె బోర్లించి, రాళ్లు విడిగా గాలికి వదలాలి. ఇక్కడి బోరు నీళ్లకి రాయి మీద తెల్లటి పొర కడుతుంది, మామూలు బ్రష్‌తో రుద్దితే వదులుతుంది. మరిగే నీళ్లు పోయొద్దు, గిన్నెకీ రాయికీ మధ్య అతుకు వదులవుతుంది.

నలుగురి నుంచి ఆరుగురు ఉండి, వారానికి రెండుసార్లైనా పిండి రుబ్బే ఇంటికి దీన్ని నిస్సందేహంగా చెప్తాం. ఇద్దరే ఉంటే దీని కనీస పరిమాణమే వారం రోజుల పిండి అవుతుంది, మంచి మిక్సీ చాలు. నడుము నొప్పి ఉన్న పెద్దవాళ్లు రుబ్బే ఇంట్లో గిన్నె వంచి పిండి తీసుకునే టిల్టింగ్ రకం తీసుకోండి. మామూలు దానిలో నిండు గిన్నెను పైకెత్తి దించాల్సి వస్తుంది, అది ఈ యంత్రానికి ఉన్న అసలు లోపం.

ఏప్రిల్, మే నెలల్లో ఇల్లు మారేవాళ్లు గ్రైండర్‌ని రాళ్లతో సహా అట్టపెట్టెలో పెట్టి పంపకండి. లారీ కుదుపులకి రాళ్లు గిన్నెకి తగిలి సొట్టలు పడతాయి, ఇరుసు వంగుతుంది. రాళ్లు విడదీసి పాత తువ్వాళ్లలో చుట్టి వేరే సంచిలో, గిన్నె వేరుగా, మోటారు భాగం నిలబెట్టి. కొత్త ఇంట్లో గట్టు సమంగా ఉందో లేదో ముందు చూడండి. వాలుగా ఉంటే గిన్నె ఒక పక్కకే బరువు మోసి బెల్టు జారుతుంది, కాళ్ల కింద రబ్బరు ముక్క పెట్టి సరిచేయాలి. వంటగది సాకెట్‌లో ఎర్త్ సరిగా ఉందని ఎలక్ట్రీషియన్‌తో చూపించాకే మొదటిసారి స్విచ్ వేయండి. స్టీలు ఒళ్లు, తడి చేతులు కాబట్టి దీనికి మాత్రం ఆలస్యం కూడదు.