గాలి లేని సైకిల్ టైర్లు: రెండున్నరేళ్ల వాడకం తర్వాత

మా ఊరి నుంచి నేను పాఠం చెప్పే బడికి ఏడు కిలోమీటర్లు. అందులో నాలుగు కిలోమీటర్లు చెరువు కట్ట వెంబడి సాగే మట్టిదారి. కట్టకు రెండు పక్కలా సర్కారు తుమ్మ, వానలు వెనకబట్టాక దారి మధ్యలో ఎండిన పల్లేరు కాయలు. అనంతపురం వైపు సైకిలు తొక్కేవారికి పల్లేరు గురించి వేరే చెప్పనక్కరలేదు. ఆ కాయ ఎటు పడినా ఒక ముల్లు పైకే చూస్తుంటుంది. ఒక్క డిసెంబరులోనే నాకు ఆరు పంక్చర్లయ్యాయి. ట్యూబును నీళ్ల తొట్టెలో ముంచి, బుడగలు వచ్చిన చోట అగ్గిపుల్ల గుచ్చి గుర్తు పెట్టుకోవడం మెకానిక్కుకే కాదు, నాకూ అలవాటైపోయింది. వెనక ట్యూబు మీద పదకొండో ప్యాచ్ పడిన రోజున గాలి లేని టైర్లు తెప్పించుకోవాలని నిశ్చయించుకున్నాను.

ఈ టైర్లలో ట్యూబు ఉండదు. పూర్తిగా గట్టి రబ్బరుతో పోసినవి, అడ్డంగా రంధ్రాలు వదిలినవి, నురగలాంటి పాలీయురేథేన్‌తో చేసినవి అని రకాలున్నాయి. నేను కొన్నది మూడో రకం. దాని లోపల కంటికి ఆనని గాలి బుడగలు దేనికవి మూసుకొని ఉంటాయి కాబట్టి, ఒక ముల్లు దిగితే చెడేది ఆ కాసిని బుడగలే తప్ప టైరు కాదు. రెండింటికీ కలిపి 3,600 రూపాయలయ్యాయి.

మొదటి పొరపాటు నాదే. సైకిలు చక్రం 26 ఇంచులది కదా అని 26 అని రాసి ఉన్న టైర్లనే తెప్పించాను. 26 × 1⅜ టైరు కూర్చునే రిమ్ము వ్యాసం 590 మిల్లీమీటర్లు, నా సైకిలుకున్న 26 × 1.95 టైరు రిమ్ము వ్యాసం 559 మిల్లీమీటర్లు. పేరుకు రెండూ 26 ఇంచులే అయినా ఒకదాని టైరు మరొకదానికి ఏ విధంగానూ సరిపోదు. అందువల్ల కొనదలచినవారు ఇంచుల లెక్కను పక్కనపెట్టి, పాత టైరు అంచు మీద అచ్చువేసి ఉండే మిల్లీమీటర్ల అంకెను, రిమ్ము లోపలి వెడల్పును చూసుకొని ఆర్డరు పెట్టడం మంచిది. ఆ టైర్లను తిప్పి పంపి సరైనవి తెప్పించుకునేసరికి మూడు వారాలు గడిచాయి.

బిగించడం మామూలు పని కాదు. ఎండలో గంటసేపు పెట్టి కాస్త మెత్తబడనిచ్చినా ఒక్కొక్క చక్రానికి గంటకు పైగా పట్టింది. చివరి జానెడు టైరును రిమ్ములోకి నెట్టేటప్పుడు మెకానిక్కు చేతిలో లీవరు ఒకటి విరిగింది. “సార్, మళ్లా దీన్ని ఊడదీయమని మాత్రం నా దగ్గరికి తేవద్దండి” అన్నాడు. రిమ్ములో వాల్వు కోసం చేసిన రంధ్రం ఖాళీగా మిగిలిపోతే లోపలికి నీళ్లు, మట్టి చేరుతున్నాయని తర్వాత నేనే దానికి టేపు అంటించాను.

తొక్కడంలో తేడా మొదటిరోజే తెలిసింది. చెరువు కట్ట దిగే చోట పెడలు ఆపేస్తే, పాత టైర్ల మీద సైకిలు దానంతటదే ఆంజనేయస్వామి గుడి దాకా వెళ్లేది. ఇప్పుడు గుడికి ఇవతల ఉన్న కల్వర్టు దగ్గరే ఆగిపోయింది. నేల తాకిన చోట టైరు నొక్కుకొని మళ్లీ యథాస్థితికి వచ్చే ప్రతిసారీ కొంత శక్తి వేడిగా పోతుంది. గాలి నింపిన ట్యూబు తాను నొక్కుకున్నంత మేరా దాదాపుగా తిరిగి ఇచ్చేస్తుంది, నురగ అలా ఇవ్వదు. 28 నిమిషాల ప్రయాణం 32 నిమిషాలైంది. ఎదురుగాలి వీచే రోజుల్లో ఆ నాలుగు నిమిషాలూ మోకాళ్లలో తెలిసేవి. 1888లో బెల్ఫాస్ట్‌లో డన్‌లప్ అనే పశువైద్యుడు తన కొడుకు మూడు చక్రాల బండికి గాలి టైరు అమర్చిన తర్వాత జనం గట్టి రబ్బరు టైర్లను అంత త్వరగా ఎందుకు వదిలేశారో నా నడుముకు అప్పుడు అర్థమైంది.

అసలు ఖర్చు చువ్వల రూపంలో వచ్చింది. గుంతలో పడినప్పుడు గాలి మింగవలసిన దెబ్బ నేరుగా రిమ్ముకు, అక్కడి నుంచి చువ్వలకు చేరుతుంది. అంతకుముందు నాలుగేళ్లలో ఒక్క చువ్వ కూడా విరగలేదు. ఈ రెండున్నరేళ్లలో వెనక చక్రానికే ఏడు విరిగాయి, చక్రం వంకర నాలుగుసార్లు తీయించాను. ముందు చక్రం అదురు హ్యాండిల్ మీదుగా అరచేతుల్లోకి వచ్చి, బడికి చేరాక సుద్దముక్క పట్టుకుంటే వేళ్లు కొంతసేపు తిమ్మిరిగా ఉండేవి. తడిసిన సిమెంటు రోడ్డు మీద పట్టు కూడా తక్కువే. గాలి టైరయితే వానాకాలంలో కొంచెం గాలి తగ్గించుకోవచ్చు, దీనికి ఆ వీలు లేదు. మలుపులో ఒకసారి ముందు చక్రం జారి పడ్డాను. మోచేయి గీసుకుపోవడంతో సరిపోయింది.

ఇన్ని చెప్పి కూడా ఆ టైర్లను పూర్తిగా తీసేయలేదు, ఎందుకంటే సుమారు 8,000 కిలోమీటర్లలో వాటి వల్ల దారిలో ఒక్కసారి కూడా ఆగలేదు. ఒక ఆదివారం పట్టకారుతో కూర్చొని వెనక టైరు నుంచి ముళ్లు పీకితే ఇరవై మూడు వచ్చాయి; వాటిలో మూడు తుమ్మ ముళ్లు, ఒక్కొక్కటి బొటనవేలి గోరంత పొడవు. మొదటి పిరియడుకు ఆలస్యంగా వచ్చానని సంజాయిషీ చెప్పుకోవలసిన అవసరం ఆ టైర్లు బిగించిన నాటి నుంచి రాలేదు. వెనక టైరు మధ్యభాగం అరిగి చదునైంది గాని, ఇంకో ఏడాది వస్తుందనిపిస్తోంది.

ఎనిమిది నెలల క్రితం ముందు చక్రానికి మాత్రం మళ్లీ గాలి టైరు వేయించి, ట్యూబులో చిల్లులను లోపలి నుంచే పూడ్చే సీలెంటు ద్రవం పోయించాను. వెనక దెబ్బను కొంతవరకు సీటు కింది స్ప్రింగులు కాస్తాయి, ముందు వాటిలాంటివేమీ లేవు. పైగా నాకు అయిన పంక్చర్లలో ఎక్కువ వెనక చక్రానివే. ఈ ఎనిమిది నెలల్లో ముందు ట్యూబుకు రెండు పంక్చర్లయ్యాయి, చేతుల తిమ్మిరి పోయింది. ముళ్లదారి లేనివారికి, తారు రోడ్డు మీద దూరాలు వెళ్లేవారికి ఈ టైర్లతో పనిలేదు. మంచి టైరు, సీలెంటు పోసిన ట్యూబు చాలు. నాలాగా రోజూ ఒకే ముళ్లబాటలో, వేళకు చేరవలసినవారు వెనక చక్రానికి మాత్రం వేయించుకోవచ్చు. చువ్వలు మాత్రం నెలకోసారి వేలితో మీటి చూసుకుంటూ ఉండాలి. వదులైనది మొద్దుగా మోగుతుంది.

ముందు టైరును ఊడదీసింది ఆ మెకానిక్కే. లీవరుతో కుస్తీ పట్టకుండా రంపపు బ్లేడుతో అడ్డంగా కోసేశాడు. మొత్తం పనికి అయిదు నిమిషాలు పట్టింది.