గేమ్ డిస్కులు: సూపర్‌మార్కెట్లో కొంటే ఒకలా, గేమ్ షాపులో కొంటే ఒకలా

వీడియో గేమ్ డిస్కులు కొనడం మొదలుపెట్టి పదిహేనేళ్లు దాటింది. సగం సూపర్‌మార్కెట్లో కొన్నవి, సగం గేములు మాత్రమే అమ్మే షాపులో కొన్నవి. పెద్ద గేమ్ విడుదలైన వారంలో కావాలంటే సూపర్‌మార్కెట్‌కే వెళ్తాను. మిగతా అన్నిటికీ గేమ్ షాపే.

ఆ మొదటి వారం సూపర్‌మార్కెట్ రేటుకి గేమ్ షాపు దిగలేదు. దిగితే మునిగిపోతుంది. సూపర్‌మార్కెట్‌కి డిస్కు మీద పైసా మిగలకపోయినా పర్లేదు, దానికోసం వచ్చినవాళ్లు సబ్బులో బ్యాటరీలో బుట్టలో వేసుకోకుండా పోరు. నేనైతే ఒక్క డిస్కుతో బయటికొచ్చిన గుర్తే లేదు.

అక్కడ కొనడం మాత్రం ఒక ప్రహసనం. డిస్కులు తాళం వేసిన గాజు బీరువాలో ఉంటాయి, తాళం చెవి ఉన్న మనిషి ఇంకెక్కడో ఉంటాడు. ఒకసారి దొంగల భయానికి తొడిగే గట్టి ప్లాస్టిక్ డబ్బాని కౌంటర్లో తీయడం మర్చిపోయారు. ఇంటికొచ్చి చూస్తే గేమ్ కనబడుతోంది, చేతికి రాదు. స్క్రూడ్రైవర్‌తో కాసేపు కుస్తీ పట్టి, బిల్లు పట్టుకుని మళ్లీ వెళ్లాను. ఇంకోసారి అక్కడి మనిషిని "ఈ పీఎస్4 డిస్కు పీఎస్5లో ఆడుతుందా?" అని అడిగాను. పీఎస్4, దాని తర్వాత వచ్చిన పీఎస్5, రెండూ సోనీ గేమ్ మెషీన్లు. "డబ్బా మీద ఏం రాసుంటే అదే సార్" అన్నాడు.

అదే ప్రశ్నకి గేమ్ షాపు కుర్రాడు "మీ పీఎస్5కి డిస్క్ డ్రైవ్ ఉందా అన్నా?" అని ఎదురడిగాడు. 2020లో డ్రైవ్ లేని మోడల్ కూడా వచ్చింది కదా, అసలు అడగాల్సింది అదే. ఉందన్నాను. "అయితే పీఎస్4వి దాదాపు అన్నీ ఆడతాయి, తీసుకోండి" అన్నాడు.

షాపుకి అసలు కూడు పెట్టేది పాత డిస్కులే. కొత్త గేమ్ మీద మిగిలేది కొంచెం, మన దగ్గర తక్కువకి తీసుకుని మళ్లీ అమ్మే దాని మీద మిగిలేది చాలా. మన డిస్కుని లైటు కింద వాల్చి, గీతలు చూసి, మొహంలో ఏమీ కనబడనీయకుండా రేటు చెప్తాడు. ఆ రేటు విని ప్రతిసారీ తిట్టుకుంటాను, ప్రతిసారీ ఇచ్చేసే వస్తాను. ఈ లాభం చూసే అమెరికాలో వాల్‌మార్ట్ కూడా 2014లో పాత గేములు తీసుకోవడం మొదలుపెట్టింది. అప్పట్లో గేమ్ ఇస్తే వచ్చే క్రెడిట్‌తో ఇంటి సరుకులు కూడా కొనుక్కోనిచ్చేవాళ్లు.

షాపువాళ్లేం పుణ్యాత్ములు కాదు. బిల్లు వేసేటప్పుడు ప్రీఆర్డర్ చేయమని, డిస్కుకి ఇన్సూరెన్స్ కట్టమని ప్రాణం తీస్తారు. ఒక షాపులో "కొత్తది" అని ఇచ్చిన డిస్కు డ్రాయర్లోంచి కాగితం కవర్లో వచ్చింది. డబ్బా షెల్ఫ్‌లో ఖాళీగా ఎన్నాళ్లుందో, మూత మీద స్టిక్కర్ జిగురు ఇంకా అంటుకుంటోంది. ఆ షాపుకి మళ్లీ వెళ్లలేదు.

వీళ్ల బతుకు ఎంత పల్చగా ఉంటుందో బ్రిటన్‌లో 2012 మార్చిలో తెలిసింది. అక్కడి పెద్ద షాపుల గొలుసు 'గేమ్' దగ్గర డబ్బు కరువై, అప్పుడే విడుదలైన మాస్ ఎఫెక్ట్ 3 లాంటి పెద్ద గేమ్ కూడా షెల్ఫ్‌లోకి రాలేదు. కావాలంటే సూపర్‌మార్కెట్‌కో ఆన్‌లైన్‌కో పోవాల్సిందే. నెల తిరక్కుండానే 277 షాపులు మూతపడ్డాయి. అప్పటికి నేనూ కొత్త గేములన్నీ సూపర్‌మార్కెట్లోనే కొంటున్నాను, ఈ మాట షాపు కుర్రాడికి ఎప్పుడూ చెప్పలేదు.

పోయిన నెల మూడు గేములు అమ్మడానికి తీసుకెళ్లాను. రెండిటికి రేటు కట్టాడు. మూడోది సూపర్‌మార్కెట్లో చవగ్గా వస్తోందని గబుక్కున కొన్నది. మూత తెరిచి నా వైపు తిప్పాడు. లోపల డిస్కు లేదు, ఒక్కసారే పనిచేసే డౌన్‌లోడ్ కోడ్ ఉన్న కాగితం ముక్క, అదీ నేను వాడేసిందే. డబ్బా అడుగున చిన్న అక్షరాల్లో రాసే ఉంది.

"ఇందులో నేను తీసుకోడానికేం లేదన్నా" అని మూత పెట్టి ఇచ్చేశాడు.