వెయ్యి గుడ్ల ఇంక్యుబేటర్, ఆరేళ్ల వాడకం తర్వాత

మాది షాద్‌నగర్ దగ్గర చిన్న హ్యాచరీ, అంటే గుడ్లు పొదిగించి కోడిపిల్లల్ని తీసే చోటు. బ్రాయిలర్ పేరెంట్ ఫారం (మాంసం కోళ్ల తల్లి కోళ్లను పెంచే చోటు) నుంచి గుడ్లు తెచ్చి ఈ మెషిన్‌లో పెడతాను.

గంటకోసారి ట్రేలను 45 డిగ్రీలు అటూ ఇటూ వంచే మోటారు ఇప్పటికీ బాగుంది. ఎండాకాలంలో నీళ్ల తొట్టి రోజూ రెండుసార్లు నింపాలి, అది పెద్ద ఇబ్బందేమీ కాదు. నన్ను ముంచింది డిస్‌ప్లే. రెండో ఏడాది అది 37.6 చూపిస్తుంటే నమ్మాను. పిల్లలు 20వ రోజుకే బయటికొచ్చాయి, చిన్నగా, బొడ్డు మానకుండా. అనుమానమొచ్చి జ్వరం చూసే థర్మామీటర్ లోపల పెడితే 101 ఫారెన్‌హీట్, అంటే 38.3! సెన్సర్ మార్చడానికి మెషిన్ అమ్మినవాళ్లు నెల తిప్పారు. ఇప్పుడు ఆ థర్మామీటర్‌తో సరిచూశాకే ట్రేలు లోపలికి వెళ్తాయి.

హ్యాచింగ్, అంటే గుడ్లలోంచి పిల్లలు వచ్చే శాతం, నిజంగా పెరిగింది మాత్రం గుడ్లు ఏరడం నేర్చుకున్నాక. మొదట్లో ధర తక్కువని కోళ్లు నేల మీద పెట్టిన గుడ్లు కూడా తెచ్చి, తడిగుడ్డతో తుడిచి పెట్టేవాణ్ణి. తడి తగిలితే పెంకు మీది మురికి రంధ్రాల్లోంచి లోపలికి పోతుంది. ఒకసారి మెషిన్‌లోనే రెండు గుడ్లు కుళ్లి పేలాయి, ఆ ట్రే మొత్తం పాడైంది. ఇప్పుడు గూడులో పెట్టిన శుభ్రమైన గుడ్లే తీసుకుంటాను. నెర్ర పడినవీ, మరీ గుండ్రంగా, మరీ కోలగా ఉన్నవీ, 50 గ్రాముల లోపువీ పక్కన పెడతాను. పిల్ల బరువు గుడ్డు బరువులో దాదాపు మూడింట రెండు వంతులు ఉంటుంది. చిన్న గుడ్డు పిల్ల షెడ్‌లో నీళ్ల దగ్గరే వెనకబడిపోతుంది, అది చూస్తే బాధేస్తుంది. అందుకే లేత కోళ్ల చిన్న గుడ్లనూ ముదురు కోళ్ల పెద్ద గుడ్లనూ ఒకే బ్యాచ్‌లో కలపను.

గుడ్ల గదికి ఏసీ పెట్టించి 18 డిగ్రీల దగ్గర ఉంచుతున్నాను, వెడల్పు కొన పైకి పెట్టి. ఏడు రోజులు దాటనివ్వను. వానాకాలం చల్లటి గుడ్డును నేరుగా బయటికి తెస్తే చెమట పడుతుంది, కాబట్టి ఫ్యాన్ కింద కొన్ని గంటలు ఉంచి, పొడిగా ఉన్నాకే పెడతాను.

పదో రోజు లైటు పెట్టి చూసి పిల్ల ఎదగని ఖాళీ గుడ్లు తీసేస్తాను, 18వ రోజు మిగతావి హ్యాచర్‌కి, అంటే పిల్లలు బయటికొచ్చే పెట్టెకి మారుస్తాను.

ఈ మెషిన్ మళ్లీ కొంటానా అంటే కొంటాను. కానీ ముందు గుడ్ల గదికి ఏసీ పెట్టించాకే.