బెండ: నేలలోనా, కుండీలోనా?

బెండకు తల్లివేరు లోతుగా దిగుతుంది. ఈ పోలికలో సగం తీర్పు అక్కడే ఉంది.

ఖర్చు: నేలలో విత్తనం, పశువుల ఎరువు చాలు. కుండీకి మట్టి మిశ్రమం కూడా కావాలి, మొక్కకు కనీసం 15 లీటర్ల తొట్టి. చిన్నదాంట్లో పెడితే నాలుగు కాయలిచ్చి ఊరుకుంటుంది.

శ్రమ: నేలలో కలుపు తీత. కుండీలో నీళ్లు, మండుటెండల్లో ఒక్కోసారి రెండుపూటలా. విత్తడం రెండుచోట్లా ఒకటే: రాత్రంతా నానబెట్టి నేరుగా వేయడం. కోత 45–60 రోజుల్లో మొదలవుతుంది. ఆ తర్వాత రోజు విడిచి రోజు కోయకపోతే కాయ ముదిరి పీచు తేలుతుంది.

ముప్పు: నేలలో నులిపురుగులు వేళ్లకు బుడిపెలు కట్టిస్తాయి, వాననీరు నిలిస్తే వేరు కుళ్లుతుంది. కుండీలో ఈ రెండూ తక్కువ. తెల్లదోమ మోసుకొచ్చే పల్లాకు తెగులు మాత్రం ఎక్కడున్నా వదలదు. ఈనెలు పసుపెక్కిన మొక్కను పీకేయడమే దానికి మందు.

ఎండ బాగా పడే జాగా ఉండి, ఇంటిల్లిపాదికీ సరిపడా కావాలంటే నేలే. నీరు నిలిచే పెరడైనా, మేడమీద తప్ప ఎండ లేకపోయినా కుండీలే, అదీ నాలుగైదుకు తగ్గకుండా. ఒక్క మొక్క కాయలు ఒక పూట వంటకు చాలవు.