దామిని యాప్: పొలంలో కూలీలను పెట్టుకునేవాళ్ళ కోసం ఒక రివ్యూ

బొబ్బిలి దగ్గర మాది వరి, కొంచెం మొక్కజొన్న. మా ఆయనది వైజాగ్‌లో ఉద్యోగం, పొలం నేనే చూసుకుంటాను. ఉభాలప్పుడు, అంటే వరినాట్లప్పుడు, పదిహేను ఇరవైమంది ఆడవాళ్ళు మడిలో వంగి ఉంటారు. వాళ్ళవి ఎక్కువగా కీప్యాడ్ ఫోన్లు. అవి కూడా గట్టు మీద అన్నం క్యారేజీల సంచిలో ఉంటాయి. కాబట్టి పిడుగుల గురించి హెచ్చరించే ఈ యాప్‌లో రంగులు బాగున్నాయా, అందంగా ఉందా అని నేను చూడలేదు. దీన్ని చూసి వాళ్ళను వేళకి మడిలోంచి లేపగలనా లేదా, అదే చూశాను.

లేపగలను. అయితే యాప్ ఒక్కదానివల్లే కాదు.

దామినిని చేసింది పుణెలోని ఐఐటీఎం, అంటే ఉష్ణమండల వాతావరణం మీద పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ. డబ్బేమీ కట్టక్కర్లేదు. దేశమంతా పెట్టిన సెన్సర్లు మెరుపు నుంచి వచ్చే రేడియో తరంగాలను పట్టి అది ఎక్కడ పడిందో లెక్కగడతాయి. మనమున్న చోటు చుట్టూ 20 కిలోమీటర్లకు ఒక గీత, 40 కిలోమీటర్లకు ఒక గీత. ఆ లోపల పిడుగులు పడుతుంటే ఫోన్‌కి హెచ్చరిక వస్తుంది. గత ఐదు, పది, పదిహేను నిమిషాల్లో పడినవి వేరువేరు రంగుల్లో కనిపిస్తాయి. నాకు అన్నిటికంటే పనికొచ్చింది ఆ రంగులే. చుక్కలు మనవైపు జరుగుతున్నాయా, పక్కకు పోతున్నాయా అన్నది చదువు లేనివాళ్ళకైనా తెలుస్తుంది.

20 కిలోమీటర్లంటే దూరమనిపిస్తుంది. లెక్కేస్తే కాదు. ఉరుముల మేఘం గంటకు 30, 40 కిలోమీటర్ల వేగంతో వచ్చిందంటే మన నెత్తి మీదకు రావడానికి అరగంట నుంచి నలభై నిమిషాలు. మా మడి నుంచి ఊళ్ళో స్కూలు బిల్డింగుకి గట్ల మీద నడిస్తే పావుగంట. పెద్దవాళ్ళు, మోకాళ్ళ నొప్పులవాళ్ళు ఉంటే ఇంకా ఎక్కువ. చేతులు కడుక్కుని, సంచులు సర్దుకుని, "ఇంకొక్క కట్ట నాటేసి వస్తాం" అనుకునేసరికి మిగిలిన టైం కూడా అయిపోతుంది. అందుకని మాకు 40 గీత లోపల చుక్కలు కనబడితే సంచులు సర్దడం, 20 లోపలికి వస్తే నడక మొదలు. పొలంలో పాక ఉంది కానీ అందులోకి వెళ్ళనివ్వను. గోడలు లేని పాకా, చెట్టు నీడా పిడుగు ముందు ఒకటే. గట్టు మీద తాటిచెట్లు పిడుగును తమ మీదకు లాక్కుంటాయని మా పెద్దలూ అంటారు, పక్కన ఒడిశా ప్రభుత్వమూ అదే నమ్మకంతో తాటిమొక్కలు నాటిస్తోంది. నిజమే అనుకున్నా, దాని కింద నిలబడకూడదని దానర్థం కదా!

యాప్ ఏం చేసినా తీరనిది కూలి సంగతి. మా దగ్గర ఉభాలు ఎక్కువగా గుత్తకే. ఎకరానికి ఇంత అని మాట్లాడుకున్నాక పని ఆగితే నష్టం జట్టుకే. "ఎప్పుడూ ఉరిమేదే కదమ్మా" అంటూ పిన్ని ఒకావిడ నడుం ఎత్తదు. ఆవిడను తప్పుపట్టలేను. ఇప్పుడు గుత్త మాట్లాడేటప్పుడే చెప్పేస్తున్నాను: పిడుగుల వల్ల పని ఆగి మర్నాటికి మిగిలితే ఆ రోజు ఆటో చార్జీ, టిఫిన్ నావి. ఖర్చు పెద్దదేం కాదు. లేవమన్నప్పుడు లేస్తున్నారు. 2022లో దేశంలో పిడుగులకు 2,887 మంది పోయారని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. ఆ అంకె చెబితే మా జట్టులో ఎవరూ కదల్లేదు, ఆటో చార్జీ అనగానే కదిలారు.

దామినికి ఒక పరిమితి ఉంది, అది తెలుసుకుని వాడాలి. అది పడిన పిడుగును చూపిస్తుంది. సరిగ్గా మన నెత్తినే పుట్టిన మేఘం నుంచి వచ్చే మొదటి పిడుగుకు హెచ్చరిక ఉండకపోవచ్చు. నెట్ లేకపోయినా అంతే. అప్పుడు ఫోన్ అక్కర్లేని పాత లెక్కే గతి: మెరుపు మెరిశాక ఉరుము వినపడేదాకా సెకనుకొకటి చొప్పున అంకెలు లెక్కపెట్టాలి. ముప్పై లోపు వినబడితే అది పది కిలోమీటర్ల లోపలే ఉంది, లోపలికి పోవాలి. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా బయటికి రాకూడదు. మా జట్టులో ఇది అందరికీ వచ్చేసింది.

ట్రైనింగ్ గురించి కూడా రాయాలి. మా వైపు ఒక పూట విపత్తుల శిక్షణ అని పెట్టారు, ఎవరు పెట్టారన్నది వదిలేద్దాం. ఫ్యాను కింద కూర్చోబెట్టి తెర మీద తుపాన్లు, భూకంపాలు, సునామీలు అన్నీ చూపించారు. పిడుగుకు వచ్చేసరికి టీ టైం అయింది. అసలు నేర్పాల్సింది ఒకటుంది. పిడుగు తగిలిన మనిషి ఒంట్లో కరెంటు మిగలదు, నిర్భయంగా ముట్టుకోవచ్చు. ఊపిరి, గుండె ఆగితే 108కి ఫోన్ చేసి వెంటనే ఛాతీ మధ్యలో నిమిషానికి వంద నుంచి నూట ఇరవైసార్లు గట్టిగా నొక్కుతూ ఉండాలి. కొన్నిచోట్ల పేడలో పూడ్చిపెడతారు, అలా ఆ కొద్ది నిమిషాలూ పోతాయి. ఇది బొమ్మ మీద చేయించి చూపిస్తే గంట పని. ఆపద మిత్ర అనే విపత్తు సహాయ పథకం కింద వాలంటీర్లకు ఇచ్చేది పన్నెండు రోజుల శిక్షణ. అంత కాకపోయినా, ప్రతి జట్టులో మేస్త్రికి ఆ గంటైనా దక్కాలి.

మిగతా యాప్‌లు రెండు మాటల్లో. సచేత్ జాతీయ విపత్తు నిర్వహణ సంస్థది. తుపాను, వరద, వడగాలి అన్నిటికీ హెచ్చరికలుంటాయి, తెలుగులోనూ వస్తాయి. కాకపోతే మా మడి ఇప్పుడు ఖాళీ చేయాలా అన్న ప్రశ్నకు అది మరీ పెద్దది. వాతావరణాన్ని బట్టి పంటకు సలహాలిచ్చే మేఘదూత్‌ను మంగళ, శుక్రవారాల సలహాల కోసం ఉంచుకున్నాను, మందు ఎప్పుడు కొట్టాలో చూసుకోవడానికి బాగుంది.

పొలంలో పెట్టే పిడుగు కడ్డీ "ఒక్కటి చాలు, ఊరంతా సేఫ్" అని ఒక షాపాయన అమ్మబోయాడు. మామూలు కడ్డీ కాపాడేది దాని ఎత్తుకు అటూ ఇటుగా ఉన్న దూరం వరకే. ఆ లెక్కడిగితే ధర తగ్గిస్తానన్నాడు. కొనలేదు.

దామినికి ఐదులో నాలుగు ఇస్తాను. పెట్టుకునేవాళ్ళు లొకేషన్ ఎప్పుడూ ఆన్‌లో ఉండేలా అనుమతివ్వండి, ఫోన్ బ్యాటరీ సేవర్ నుంచి ఈ యాప్‌ని తప్పించండి. ఫోన్ క్యారేజీ సంచిలో కాకుండా, మడిలోకి దిగని మనిషి ఒకరి చేతిలో ఉండాలి. మా పొలంలో ఆ పని నీళ్ళ బిందె మోసే కుర్రాడిది.