ఇంటి దగ్గరే పాలియేటివ్ కేర్ అని ప్యాకేజీ అమ్ముతున్నారు, డబ్బు కట్టే ముందు ఇది చదవండి

మహబూబ్‌నగర్, జడ్చర్ల, దేవరకద్ర, నారాయణపేట వైపు ఉన్నవాళ్లకు ముఖ్యంగా రాస్తున్నాను. పాలియేటివ్ కేర్ అంటే పెద్ద జబ్బు ఉన్న మనిషికి నొప్పి, బాధ తగ్గించి చూసుకునే వైద్యం. ఇంట్లో పెద్ద జబ్బుతో మంచం పట్టిన మనిషి ఉండి, ఆసుపత్రి వాళ్లు "ఇంక ఇంటికి తీసుకుపొండి" అని చెప్పాక, ఎవరైనా ఫోన్ చేసి "ఇంటి దగ్గరే పాలియేటివ్ కేర్ ఇస్తాం, నెలకు ఇంత" అంటే వెంటనే డబ్బు పంపకండి. మేం పంపాం. నెలకు 36,000 చొప్పున రెండు నెలల అడ్వాన్సు 72,000, మంచానికీ పరుపుకీ డిపాజిట్ 15,000, మొత్తం 87,000 రూపాయలు. డబ్బు సంగతి పక్కన పెట్టినా, మా నాయిన పంతొమ్మిది రోజులు తగ్గించగలిగిన నొప్పిని అట్లాగే భరించాడు. అది గుర్తొస్తే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు.

మా నాయినకు ప్రొస్టేట్ క్యాన్సర్. బయటపడే సరికే వెన్నెముకకు పాకింది. మా ఊరు దేవరకద్ర దగ్గర, ఆయన వయసులో ఉన్నప్పుడు మేస్త్రీ పనికి బొంబాయి, పుణె పోయి వచ్చినవాడు. కాలు మీద రాయి పడ్డా కట్టు కట్టుకుని పనికి పోయిన మనిషి. అలాంటి మనిషి రాత్రిపూట తుండు అంచు పళ్ల మధ్య పెట్టుకుని కొరుకుతూ, మంచం పట్టీని వేళ్లతో కొడుతూ ఉండేవాడు. పక్కన పడుకున్న మా అమ్మ లేవకూడదని గట్టిగా మూలగడు కూడా. పొద్దున ఆ తుండు ఉతుకుతుంటే అంచంతా పీచులు పీచులుగా ఊడి ఉండేది. ఎట్లుంది నాయినా అని అడిగితే "ఏం లేదు బిడ్డా, కొంచెం సలుపుతుంది" అనేవాడు.

హైదరాబాద్‌లో చికిత్స చేసిన డాక్టరు గారు ఇక కీమో పనిచేయదు, పాలియేటివ్ కేర్ తీసుకోండి అని డిశ్చార్జి కాగితం మీద రాశారు. ఆ మాటకు అర్థం ఏమిటో మాకెవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. మా తమ్ముడు ఫోన్‌లో వెతికితే ఒక హోమ్ కేర్ కంపెనీ కనబడింది, నంబరు ఇచ్చిన పది నిమిషాల్లో వాళ్లే ఫోన్ చేశారు. మాట్లాడిన అమ్మాయి ఎంత మెత్తగా మాట్లాడిందంటే, "మీ నాన్నగారిని మా నాన్నలా చూసుకుంటాం మేడం" అంది, నేను ఫోన్‌లోనే ఏడ్చాను. క్వాలిఫైడ్ నర్సు ఇరవై నాలుగు గంటలు, వారానికి రెండుసార్లు డాక్టరు, నొప్పికి మందులు, గాలి పరుపు, అన్నీ ప్యాకేజీలోనే అన్నారు. సాయంత్రంలోగా కడితే పది శాతం తగ్గింపు అన్నారు. ఆ తొందర పెట్టినప్పుడే మాకు అనుమానం రావాల్సింది. ఇంట్లో మనిషి అల్లాడుతుంటే అంత తెలివిగా ఆలోచించే ఓపిక ఎవరికి ఉంటుంది చెప్పండి. ఆ పది శాతం తగ్గింపు కూడా బిల్లులో ఎక్కడా లేదు.

సంక్రాంతి అయిన వారానికి వచ్చారు. నర్సు అని పంపిన అబ్బాయికి ఇరవై, ఇరవై ఒకటి ఉంటాయి. ఇంటర్ అయ్యాక ఒక ఆసుపత్రిలో ఆరు నెలలు వార్డుబాయ్‌గా చేశాడట. ఈ సంగతి నాలుగో రోజు అన్నం తింటూ మా అమ్మకు తనే చెప్పాడు. పిల్లవాడు చెడ్డవాడు కాదు, మా నాయినకు గడ్డం గీసేవాడు, కాళ్లు పట్టేవాడు, తనకు చేతనైనంత చేశాడు. కానీ అతనికి ఎవరూ ఏదీ నేర్పలేదు. అలాంటివాడికి చేతికి సూది, సెలైన్ ఇచ్చి, చావుకు దగ్గరైన మనిషి దగ్గరికి పంపినవాళ్లదే తప్పు.

డాక్టరు ఒక్కసారి కూడా గడప తొక్కలేదు. వీడియో కాల్ చేసేవాళ్లు, అదీ మా తమ్ముడు గొడవ పెడితే. నొప్పి ఎక్కువైందంటే డైక్లో అనే మామూలు నొప్పి మందు ఇంజెక్షన్ వేయమనేవాళ్లు. వేసిన రెండు మూడు గంటలు కొంచెం నయం, తర్వాత మళ్లీ మొదలు. గట్టి నొప్పికి మార్ఫిన్ అనే మందు ఉంటుందట కదా సార్ అని నేను అడిగాను, మా ఆఫీసులో ఒకామె చెబితే. దానికి ఆ డాక్టరు "అది చాలా డేంజర్ అమ్మా, మత్తుకు అలవాటు పడతారు, శ్వాస ఆగిపోతుంది, అది చివరి గంటల్లో ఇచ్చేది" అన్నాడు. నమ్మి ఊరుకున్నాను. నిజానికి వాళ్ల దగ్గర ఆ మందు ఉంచుకునే అనుమతే లేదు, ఆ మాట చెప్పకుండా మందు మీద భయం పెట్టారు.

ఇక సెలైన్. రెండో రోజు నుంచి రోజుకొక సీసా, అందులో పసుపు రంగు విటమిన్ మందు కలిపి ఎక్కించేవారు. అది ప్యాకేజీలో లేదట, సీసాకు 900. పద్దెనిమిది సీసాలకు 16,200 తీసుకున్నారు. సెలైన్ ఎక్కుతుంటే మనకూ ఏదో వైద్యం జరుగుతుందని ధైర్యంగా ఉంటుంది, చూడ్డానికి వచ్చిన చుట్టాలు కూడా అదే అడుగుతారు, గ్లూకోజ్ పెట్టిస్తున్నారా అని. పన్నెండో రోజుకు నాయిన రెండు పాదాలు ఉబ్బి, వేలితో నొక్కితే గుంట పడి అట్లాగే ఉండిపోయింది, రాత్రి గొంతులో గురగుర మొదలైంది. చివరి దశలో ఒంటికి అంత నీరు అక్కర్లేదని, ఎక్కించింది కాళ్లలో, ఊపిరితిత్తుల్లో చేరుతుందని తర్వాత ప్రభుత్వాసుపత్రి డాక్టరమ్మ చెప్పేదాకా మాకు తెలియదు. నొప్పి పట్టీలు అని ఇంకో మూడు తెచ్చి 1,800 తీసుకున్నారు. మూడు రోజులు పనిచేసే ఫెంటానిల్ పట్టీ, అంటే మార్ఫిన్ లాంటి గట్టి మందు ఉన్న పట్టీ అని చెప్పారు. కవర్ దాచిపెట్టాను కాబట్టి తెలిసింది, అది మెడ పట్టేస్తే అంటించుకునే మామూలు డైక్లో పట్టీ.

అన్నిటికంటే ఎక్కువ కోపం వచ్చిన సంగతి ఇది. మంచం పక్కన గోడకు ఒక ఫైలు వేలాడదీశారు, అందులో రెండు గంటలకోసారి పేషెంటును పక్కకు తిప్పినట్టు టిక్కులు పెట్టి సంతకం చేయాలి. ఒక రోజు మధ్యాహ్నం నాలుగింటికి నేను పోయి ఆ ఫైలు తీసి చూస్తే, రాత్రి పది గంటల వరకు టిక్కులు పెట్టి ఉన్నాయి. ఆరుకు ఎడమ పక్క, ఎనిమిదికి కుడి పక్క, పదికి వెల్లకిలా, అన్నీ ఒకే పెన్నుతో ఒకే వరుసలో. ఫోటో తీసుకుని, నాయినను మెల్లగా పక్కకు తిప్పి చూశాను. నడుము కింద ఎముక మీద అరచేతి వెడల్పు పుండు, మధ్యలో నల్లగా, చుట్టూ చీము, పైన ఏదో పౌడరు చల్లి దూది పెట్టారు. వాసన రాకుండా గదిలో అగరుబత్తి వెలిగిస్తున్నారు. గాలి పరుపు అన్నారే, దాని మోటారు వైరు ప్లగ్గులో పెట్టి కూడా లేదు. మోటారు పనిచేయదని ఆ అబ్బాయి మూడో రోజే కంపెనీకి చెప్పాడట.

ఆ సాయంత్రం మా ఊరి ఆశా వర్కర్ బీపీ మాత్రలు ఇవ్వడానికి వచ్చి, పుండు చూసి, "అక్కా, ఇంత డబ్బు ఎందుకు పోసినవ్, పాలమూరు పెద్దాసుపత్రిల దీనికోసమే వార్డు ఉంది, పైసా తీసుకోరు" అంది. నేను నమ్మలేదు. పొద్దున ఆటోలో పరుపు వేసి మహబూబ్‌నగర్ ప్రభుత్వాసుపత్రికి తీసుకుపోయాం.

అక్కడి డాక్టరమ్మ రిపోర్టులు తర్వాత చూసింది, ముందు కుర్చీ మంచం దగ్గరికి లాక్కుని కూర్చుని, "పెద్దాయనా, సున్నా అంటే నొప్పి లేనట్టు, పది అంటే ఇక ఓర్చుకోలేనట్టు, నీది ఎంత?" అని అడిగింది. పంతొమ్మిది రోజుల్లో ఆ ప్రశ్న ఒక్కరు కూడా అడగలేదు. నాయిన నా వైపు చూసి, కాసేపు ఆగి, "తొమ్మిదమ్మా" అన్నాడు. నాతో ఎప్పుడూ కొంచెం సలుపుతుంది అనే మనిషి.

మార్ఫిన్ మాత్ర మొదలుపెట్టారు. నొప్పి వచ్చాక వేసేది కాదట, గడియారం చూసి నాలుగు గంటలకోసారి వేయాలి, నొప్పి తల ఎత్తకముందే. పడుకునేటప్పుడు వేసే డోసు డాక్టరే లెక్క చూసి పెంచుతారు, మధ్యరాత్రి లేపే పని లేకుండా. దాంతో పాటు విరేచనానికి మందు తప్పకుండా ఇవ్వాలన్నారు, ఎందుకంటే మార్ఫిన్‌తో మలబద్ధకం ఖాయం. మొదటి రెండు మూడు రోజులు వికారం, మగత ఉంటాయి, తర్వాత తగ్గుతాయి. డోసు డాక్టరు చూసి చూసి మెల్లగా పెంచుతారు, కిడ్నీ బాగా లేనివాళ్లకు తక్కువ ఇస్తారు, కాబట్టి సొంతంగా వేసే మందు కాదు. కానీ నొప్పి ఉన్న మనిషికి లెక్క ప్రకారం ఇస్తే వ్యసనం అవుతుందన్నది అపోహ, అది చివరి గంటల్లో మాత్రమే ఇచ్చేదన్నది కూడా అపోహ. మరి ఇంత మంచి మందు బయట ఎందుకు దొరకదంటే, 1985 నాటి మత్తుమందుల చట్టం కాగితాలకు భయపడి చాలా ఆసుపత్రులు దాన్ని పెట్టుకోవడమే మానేశాయి. 2014లో చట్టం సవరించి, గుర్తింపు ఉన్న ఆసుపత్రులు ఉంచుకోవడం తేలిక చేశారు, అయినా ఇప్పటికీ మామూలు మెడికల్ షాపులో దొరకడం కష్టం.

రెండో రాత్రి నాయిన గురక పెట్టి నిద్రపోయాడు. మా అమ్మ భయపడి నన్ను లేపింది, ఏమైందే అని. నిద్రే అమ్మా, నిద్రపోతున్నాడు అని చెప్పి ఇద్దరం అట్లాగే కూర్చుని ఆ గురక విన్నాం.

పుండుకు మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ మాత్రలు పొడి చేసి డ్రెస్సింగ్‌లో వాడితే నాలుగు రోజుల్లో వాసన పోయింది, అగరుబత్తి అవసరం రాలేదు. సెలైన్ ఆపేశారు, కాళ్ల వాపు తగ్గింది. నోరు ఎండకుండా తడి గుడ్డతో పెదాలు తడపడం, దుప్పటి సాయంతో ఇద్దరు కలిసి తిప్పడం మా అమ్మకు నేర్పి ఇంటికి పంపారు. తర్వాత ఆలన అనే ప్రభుత్వ పాలియేటివ్ బండిలో నర్సు ఇంటికే వచ్చి చూసి పోయేది. ఆ తర్వాత నాయిన ముప్పై నాలుగు రోజులు బతికాడు. ఆ రోజుల్లో మనవడితో మాట్లాడాడు, పల్లీలు ఉడకబెట్టించుకుని నాలుగు గింజలు తిన్నాడు, బాకీలు ఎవరివి ఎంతో తమ్ముడితో రాయించాడు. మొదటి రోజే అక్కడికి పోయి ఉంటే ఇంకో పంతొమ్మిది రోజులు అట్లా ఉండేవాడు.

అందుకే చెబుతున్నా. ప్రైవేటు వాళ్లందరూ ఇట్లాగే ఉంటారని అనను, మంచిగా చేసేవాళ్లు ఉంటారు. కానీ డబ్బు కట్టే ముందు ఒక్క ప్రశ్న అడగండి: నొప్పి ఎక్కువైతే మార్ఫిన్ రాసే డాక్టరు ఎవరు, మందు ఎక్కడి నుంచి వస్తుంది? దానికి సూటిగా జవాబు చెప్పకుండా "అవసరమైతే చూద్దాం" అంటే అక్కడితో ఫోన్ పెట్టేయండి. నర్సు అంటే నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ కాగితం వాట్సాప్‌లో పెట్టమనండి. రెండు నెలలది ఒకేసారి ఎట్టి పరిస్థితిలోనూ కట్టకండి, వారం వారం ఇస్తామనండి, ఎందుకంటే మనిషి ఎన్నాళ్లు ఉంటాడో వాళ్లకూ తెలుసు, మిగిలిన డబ్బు తిరిగి ఇవ్వకూడదనే ఆ అడ్వాన్సు. మా అగ్రిమెంటులో నాన్ రిఫండబుల్ అన్న మాట ఆరో పేజీలో చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది.

అన్నిటికంటే ముందు మీ జిల్లా ప్రభుత్వాసుపత్రికి పోయి పాలియేటివ్ వార్డు ఎక్కడ అని అడగండి, లేదా మీ ఆశా వర్కర్‌ను అడగండి. హైదరాబాద్ వెళ్లగలిగితే రెడ్‌హిల్స్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో ఈ విభాగం ఎన్నో ఏళ్లుగా ఉంది, ఖాజాగూడలో స్పర్శ్ హాస్పిస్‌లో (చివరి దశ రోగులను చూసుకునే చోటు) కూడా డబ్బు తీసుకోకుండా చూస్తారు. ఎముకలకు పాకిన క్యాన్సర్ నొప్పికి ఒక్కసారి రేడియేషన్ ఇచ్చినా చాలామందికి ఉపశమనం వస్తుందట, ప్రయాణం చేయగలిగే స్థితిలో ఉంటే ఆ మాట కూడా డాక్టరును అడగండి. మా నాయిన విషయంలో అప్పటికే ఆలస్యమైంది. పాలియేటివ్ అంటే చేతులెత్తేయడం అనుకుని చాలామంది చివరి వారం దాకా పోరు, మందులు నడుస్తుండగానే మొదలుపెట్టొచ్చు, గుండె, కిడ్నీ, పక్షవాతం పేషెంట్లకు కూడా ఉంటుంది.

డబ్బు గురించి: కంపెనీ వాళ్లు నా నంబరు బ్లాక్ చేశారు. నేను 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదు చేసి, తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేశాను. 2019 చట్టం ప్రకారం కంపెనీ ఎక్కడున్నా మనం ఉండే జిల్లాలోనే వేయొచ్చు, ఐదు లక్షల లోపు అయితే ఫీజు లేదు. ఇలాంటిది మీకు జరిగితే బిల్లులు, వాట్సాప్ మెసేజ్‌లు, మందుల ఖాళీ కవర్లు ఏదీ పారేయకండి. గోడకు వేలాడిన ఆ ఫైలు, పది గంటల టిక్కులతో సహా, నా దగ్గర ఉంది.

నాయిన పోయిన మూడో రోజు ఆ కంపెనీ నుంచి ఇద్దరు వచ్చి మంచం విప్పుకుని పోయారు. డిపాజిట్ అడిగితే ఆఫీసులో మాట్లాడుకోండి అన్నారు. కర్మ అయ్యాక మిగిలిన పదకొండు మార్ఫిన్ మాత్రలు తీసుకుని పెద్దాసుపత్రికి పోయాను, వాటిని ఇంట్లో ఉంచకూడదని ముందే చెప్పారు. సిస్టర్ లెక్కపెట్టి రిజిస్టర్‌లో రాసి నాతో సంతకం చేయించింది. తర్వాత పెన్ను పక్కన పెట్టి, "అమ్మ అన్నం తింటుందా?" అని అడిగింది.